తిప్పక్క బొటనవేలి సెలవు

వేలుపుకుంట తిప్పక్క కుడిచేతి బొటనవేలు, మండలాఫీసు యంత్రం లెక్క ప్రకారం, ఈ లోకంలో లేదు. వేలుంది. వేలికి గోరుంది. గోటికింద పొలం మన్నుంది. లేనిదల్లా ముద్ర. నలభై ఏళ్ళపాటు విత్తనం వేరుశనక్కాయల్ని ఆ వేలితోనే నొక్కి ఒలిచింది తిప్పక్క. మిషన్లో ఆడిస్తే పప్పు బద్దలవుతుంది, బద్దలైన పప్పు మొలవదు. అందుకని ఆ వైపు ఊళ్ళలో విత్తనమంతా ఆడవాళ్ళ బొటనవేళ్ళ మీదుగానే భూమిలోకి దిగుతుంది. కాయల గరుకుకు వేలి గీతలు ఒక్కొక్కటే అరిగిపోయి, ఇప్పుడామె చేతిలో స్పష్టంగా మిగిలిన గీత ఒక్కటే, దారిద్ర్యరేఖ. దాన్ని చదివే యంత్రం ఇంకా రాలేదు.

ఆ ఏడు వేరుశనగ రైతులకు ప్రభుత్వంవారు ‘హస్తవాసి’ అని ఒక పథకం పెట్టారు. వాన పడగానే రైతు మండలాఫీసుకొచ్చి యంత్రం మీద కుడి బొటనవేలు ఆనించాలి. ఆనించగానే విత్తే గొర్రు బాడుగా, ఎరువు ఖర్చూ బ్యాంకులో పడతాయి. ‘మీ వేలు, మీకు వేలు!’ అని ఊరూరా గోడల మీద రాయించారు. సాయం కావలసినవాడికి ముందుగా అందేది నినాదమే. ఆ తర్వాత, ఇరుపక్షాలకూ ఓపిక ఉంటే, సాయం.

తిప్పక్కకు ఆ ఓపిక ఉంది గాని వ్యవధి లేదు. రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది. రెండున్నర ఎకరాలు బీడు పడింది. అటక మీద విత్తనానికని దాచిన కాయలు నాలుగు మూటలున్నాయి. ఈ ఏడు కూడా అవి నేలలో పడకపోతే పుచ్చిపోతాయి, ఇక పై ఏడుకు విత్తనమన్నదే ఉండదు. విత్తం లేక విత్తనం పడదు, విత్తనం పడక విత్తం రాదు. ఈ రెంటి మధ్యా బొటనవేలు అడ్డంగా పడుకుంది.

ఆషాఢం మొదట్లో వాన దంచింది. ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, ఐదు రోజులుంటుంది, ఆరో రోజు గాలొచ్చి ఎత్తుకుపోతుంది. మర్నాడు పొద్దున్నే తిప్పక్క మండలాఫీసులో ఉంది. వేలు పెట్టింది. యంత్రం ‘కుయ్యి’మని ఎర్రలైటు వెలిగించింది. కొంగుతో తుడిచి పెట్టింది. కుయ్యి. ఉమ్మితో తడిపి పెట్టింది. కుయ్యి, కుయ్యి.

యంత్రం వెనక మండల వ్యవసాయాధికారి పరాంకుశంగారు కూర్చుని ఉన్నారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది. ఉత్తర్వు చదివితే తద్దినం పెట్టిస్తున్నట్టుంటుంది.

“అమ్మా, తమరి అంగుష్ఠము అనంగీకృతమైనది.”

“అంటే యేమైంది సారూ? విరిగిందా?”

“విరుగుట కాదు. వేలు తమరిదేనని మేము ఒప్పుకొనుచున్నాము. తమరు ఎవరివారన్నది తేలలేదు.”

“నేను మా ఎర్రిస్వామిదాన్ని సారూ. పోనీ చూపుడువేలు పెట్టేదా?”

“కుదరదు. ప్రభుత్వాన్ని వేలెత్తి చూపినట్లగును. ఏడవ నిబంధన.”

“కన్ను సూసే మిషనొకటి ఉండాదంట గదా?”

“ఉన్నది. పెట్టెలో ఉన్నది. పెట్టె తాళము వేలిముద్రతో తెరుచుకొనును. ఆ వేలు గత నెల బదిలీపై వెళ్ళిపోయినది.”

అలా నాలుగు రోజులు తిప్పారు. పేరు ఆమెది, పని వాళ్ళది. ఆరో రోజు తిప్పక్క ఆఫీసుకు పోలేదు. పొలంలో పదునూ లేదు.

తిప్పక్క ఒక్కతే అయితే ఆమె తిప్పలేవో ఆమె పడేది. మండలంలో ఆరువందల పన్నెండు బొటనవేళ్ళు ఇదే బాపతని తేలింది. పరాంకుశంగారు పైకి రాశారు. పైన జిల్లా ప్రత్యేకాధికారిణి విద్యుల్లతగారున్నారు. పేరుకు తగ్గట్టు మెరుపులాంటి మనిషి, ఆవిడ మెరిసినప్పుడల్లా పిడుగు కింద ఉన్నవాళ్ళ మీద పడేది. ఆవిడ ఒక చర్మవైద్యుడికి ఫోన్ చేశారు. “వేలికి కొన్నాళ్ళు పని చెప్పకపోతే గీతలు మళ్ళీ వస్తాయండీ” అని ఆయన ఇంకెవరికో సూది పొడుస్తూ అన్నాడు. ఆ ఒక్క వాక్యానికి పద్దెనిమిది పేజీల ఉత్తర్వు పుట్టింది. దాని పేరు ‘అంగుష్ఠ విశ్రాంతి’.

వేలుపుకుంట బడి ఆవరణలో షామియానా వేశారు. విద్యుల్లతగారు మైకందుకున్నారు.

“సోదర రైతాంగమా! మీ బొటనవేలు మీ సొంత ఆస్తి అనుకుంటున్నారు. కాదు, అది జాతీయ సంపద! ఆ సంపదను మీరు ఇన్నాళ్ళూ శనక్కాయల మీద విచ్చలవిడిగా ఖర్చు పెట్టారు. నేటి నుంచి నలభై ఐదు రోజులు వేలికి సంపూర్ణ విశ్రాంతి. మట్టి ముట్టరాదు. కాయ ఒలవరాదు. పలుపు పట్టరాదు. కొడవలి వైపు చూడవచ్చును.”

తిప్పక్క లేచి నిలబడింది. “అమ్మా, నాదొక మాట. పని చేస్తేనే గదా మేం రైతులం. పని మానుకుంటే మమ్మల్ని రైతులని యెవరంటారు?”

“యంత్రం అంటుందమ్మా.”

“నలభై ఐదు దినాలంటే శ్రావణం దాటిపోతాది. మల్ల విత్తేదెప్పుడు?”

“విత్తడం రెండో దశ. ముందు రైతును నిర్ధారిద్దాం. రైతు నిర్ధారణ అయ్యాక వ్యవసాయం సంగతి వేరే ఉపసంఘం చూస్తుంది.”

అధికారులు చప్పట్లు కొట్టారు. రైతులు కొట్టలేదు, అప్పటికే వాళ్ళ వేళ్ళకు కట్లు కడుతున్నారు.

కట్టంటే మామూలు కట్టు కాదు. దూది, దూది మీద గుడ్డ, గుడ్డ మీద పురికొస, కొస మీద లక్క, లక్క మీద మండలాఫీసు సీలు. వేలికి ముద్ర లేదని తిప్పి పంపిన ప్రభుత్వం ఆ వేలికి స్వయంగా ముద్ర వేసింది. సీలు చెడితే రేషన్ కార్డుతో సహా అన్ని పథకాల నుంచీ పేరు గల్లంతు.

తిప్పక్క మొగుడు ఎర్రిస్వామి ఎర్రటి లక్క వేలిని ఎండకు పట్టి మురిసిపోయాడు. “ఏమే తిప్పీ, నా వేలు పెండ్లికొడుకు మాదిరి ఉండాది సూడు.”

“పెండ్లికొడుకైతే పని చేయడులే. సరిపాయ.”

బొటనవేలు లేకుండా ఏ పనీ జరగదన్న సంగతి ఊరికి ఆ సాయంత్రమే తెలిసింది. నాలుగు వేళ్ళతో రాగిసంగటి తుంచబోతే ముద్ద పళ్ళెంలోంచి ఎగిరి పక్కింటి కుక్కకు దక్కింది. ముద్ర కోసం ముద్ద పోయింది. నిక్కరు బొందు ముడేసుకోలేక మగవాళ్ళంతా పంచెలకు మారారు. పంచె దోపుకోవడానికీ బొటనవేలే దిక్కని, మారి వీధిలోకొచ్చాక తెలిసింది. ఇద్దరు సర్పంచి ఇంటిముందే తెలుసుకున్నారు.

రైతులు దొంగతనంగా పని చేస్తారేమోనని వీధికొక ‘అంగుష్ఠ మిత్ర’ను వేశారు. సిబ్బంది చాలక తిప్పక్క వీధికి పరాంకుశంగారే మిత్రుడయ్యారు. మొదటిరోజే తిప్పక్క ఆయన చేతికి చెంబిచ్చి బర్రె దగ్గర కూర్చోబెట్టింది.

“ఏమమ్మా ఇది?”

“పాలు పిండల్ల సారూ. బొటనేలు లేకుంటే పొదుగు పట్టు చిక్కదు. మాకు సీలుండాది, మీకు లేదు.”

పరాంకుశంగారు ఉత్తర్వంతా వెతికారు. అధికారి బర్రెను పితకరాదని ఎక్కడా లేదు. పితికారు. బర్రె ఒక కాలితో తన అభ్యంతరాన్ని నమోదు చేసింది.

ఇరవయ్యో రోజున మళ్ళీ వాన పడింది. చిన్నాచితకా వాన కాదు, జానెడు లోతు తడిసింది. తిప్పక్క పొలానికి పరుగెత్తి గట్టుమీద నిలబడింది. తడిసిన ఎర్రమన్ను వాసన ముక్కుల్లో దూరి కాళ్ళదాకా దిగింది. వంగబోయింది. లక్క సీలు ఎండకు కనుగుడ్డులా మెరిసింది. ఆమె అక్కడే ఎండకు నిలబడి, “ఐదు దినాలు. ఐదే దినాలు” అని పొలానికి చెప్పి, అటునుంచటే మండలాఫీసుకు పోయింది.

“సారూ, సీలు తీసేయండి. మీ దుడ్లూ వద్దు, మీ హస్తవాసీ వద్దు. నా నాలుగు మూటలూ నేలలో పడితే సాలు.”

“తీయుటకు నాకు అధికారము లేదమ్మా. వేయుటకే ఉన్నది.”

“అట్లయితే నలభై ఐదు దినాలయినాక మీ ముద్ర సూసి దుడ్లేస్తారు. ఇంగేం సూడరు గదా?”

పరాంకుశంగారు ఉత్తర్వు పదిహేడో పేజీ తీసి గంభీరంగా చదివారు. “ఒకటి. తనిఖీ తేదీ నాటికి రైతు అంగుష్ఠము మట్టి తాకి ఉండరాదు. రెండు. తనిఖీ తేదీ నాటికి పొలమున పంట నిలిచి ఉండవలెను.”

“ఇంగొకసారి చదువు సారూ.”

చదివారు. ఈసారి గాంభీర్యం సగం దాకా వచ్చి ఆగిపోయింది. మూడోసారి మనసులో చదువుకున్నారు. పొలంలో పంట లేకపోతే లక్ష్యం సున్నా. లక్ష్యం సున్నా అయితే విద్యుల్లతగారు మెరుస్తారు.

వెంటనే పైకి రాశారు. ఆశ్చర్యం, ఆ సాయంత్రమే జవాబొచ్చింది. “రైతు విశ్రాంతికి భంగము కలుగకుండా, పంట ఉనికికి లోటు రాకుండా, క్షేత్రస్థాయి సిబ్బంది తగు చర్యలు గైకొనవలెను.”

క్షేత్రస్థాయి సిబ్బంది ఎవరా అని పరాంకుశంగారు ముగ్గురు గుమాస్తాల వైపు చూశారు. ముగ్గురు గుమాస్తాలూ ఆయన వైపు చూశారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ వాళ్ళకు తమ స్థాయి బాగా తెలుసు. క్షేత్రమే కొత్త.

మర్నాడు తిప్పక్క నాలుగు మూటలూ ఆఫీసుకు చేరాయి. ఫైళ్ళు నేలమీదికీ, కాయలు బల్లమీదికీ బదిలీ అయ్యాయి. మండలంలోని మిగతా ఆఫీసులనుంచీ ఉద్యోగులొచ్చారు. అన్ని ఊళ్ళ మూటలూ వచ్చాయి. నలభైమంది గజిటెడ్లూ, నాన్ గజిటెడ్లూ ‘టప టప’మని కాయలు ఒలుస్తుంటే, ఆ ఆఫీసులో పని జరుగుతున్న చప్పుడు వినిపించడం అదే మొదటిసారని ఎదురుగా టీ కొట్టువాడు అన్నాడు. తిప్పక్క కుర్చీ వేయించుకుని, సీలు వేలిని గాల్లో నిలిపి, మధ్యలో కూర్చుంది.

“అట్ల కాదు సారూ. కాయ ముక్కు మీద నొక్కల్ల. అబ్బ, పప్పు పగలగొడ్తివి! అదింగ మొలుస్తాదా? మీ ఫైలు మాదిరి యాడ పెడితే ఆడనే పండుకుంటాది.”

“అమ్మా, బొటనవేలికి బొబ్బ లేచినది.”

“లేస్తాది. మొదుట్లో నూరు మూటలకు అట్లనే ఉంటాది, మల్ల అలవాటైతాది.”

మూడు రోజులకు ఒలుపు ముగిసింది. ఐదో రోజు పొద్దున, పదును ఇంకా బతికి ఉండగానే, గొర్రు కట్టారు. ఎద్దులు తిప్పక్కతో పొలంగట్టు పంచుకునే మారెన్నవి, పలుపులు పట్టిన చేతులు హెడ్డుగుమాస్తావి. గొర్రు వెనక నడుస్తూ, దానిమీద ఉండే చెక్కగిన్నెలోకి విత్తనం పోయవలసింది పరాంకుశంగారు. అప్పుడొచ్చింది చిక్కు.

వేలుపుకుంటలో ఎవరి పొలమైనా సరే, మొదటి పిడికెడు తిప్పక్క చేతినుంచే పడాలి. ఆమె చెయ్యి మంచిదని ఊరి నమ్మకం. ఇరవై ఏళ్ళుగా ఆమె పొయ్యకుండా ఆ ఊళ్ళో ఒక సాలూ కదల్లేదు.

“తిప్పక్క చెయ్యి పడకుంటే నా ఎద్దులు అడుగు తీసి అడుగెయ్యవు” అన్నాడు మారెన్న. ఎద్దులు కూడా అలాగే నిలబడ్డాయి.

పరాంకుశంగారు పద్దెనిమిది పేజీలూ తిరగేశారు. మట్టి ముట్టరాదు. విత్తు పట్టరాదు. అధికారి మణికట్టు పట్టుకోరాదని మాత్రం లేదు! పరాంకుశంగారు పిడికిలి నిండా పప్పు తీసుకున్నారు. తిప్పక్క బొటనవేలిని ఆకాశానికి ఎత్తిపెట్టి, మిగతా నాలుగు వేళ్ళతో ఆయన మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గిన్నెలోకి ఒంచింది. చెయ్యి ఆయనది, వాసి ఆమెది. ఊరు ఈలలేసింది. అలా ఒక్క పూటలో ఊరి పొలాలన్నిట్లో పరాంకుశంగారి చెయ్యి పట్టుకుని తిరిగింది తిప్పక్క. ఎర్రిస్వామి వెనకాలే గొడుగు పట్టుకుని నడుస్తూ, “నా పెండ్లప్పుడు గూడా ఇంతసేపు పట్టుకోలేదు సారూ” అన్నాడు.

“సారూ, సాలు తప్పితివి!”

“ఎక్కడమ్మా?”

“వెనక్కి తిరిగి సూడు. నా పొలంలో మొదలుపెట్టి మారెన్న పొలంలో తేలితివి.”

సాళ్ళు అధికారి సంతకంలా మెలికలు తిరిగాయి. అయితేనేం, వారం తిరక్కుండా మొలకలొచ్చాయి. మొలకలతోపాటు కలుపొచ్చింది. కలుపు తీయడమూ క్షేత్రస్థాయే. పరాంకుశంగారు చొక్కా విప్పి, తలకు తువ్వాలు చుట్టి, సాళ్ళలో గొంతుక్కూర్చున్నారు. ‘కలుపు గైకొనవలెను’ అనడం మానేసి ‘పీకండి’ అనడం నేర్చుకున్నారు.

నలభై ఐదో రోజున రాజధాని నుంచి కమిటీ దిగింది. కమిటీలో చివరనుండే టీని వాళ్ళు మొదటే అడిగారు. తాగారు. కత్తెరతో సీళ్ళు తెంచారు. ముందుగా తిప్పక్కను పిలిచారు.

కట్టు విప్పిన వేలు తెల్లగా, మెత్తగా, నానిన పప్పులా ఉంది. యంత్రం మీద ఆనించింది. ‘టింగ్’మంది. పచ్చలైటు! “తిప్పక్క, భర్త ఎర్రిస్వామి, వేలుపుకుంట” అని యంత్రమే చదివింది. తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరినంత సంబరంగా తిప్పక్క తన వేలిని ముద్దు పెట్టుకుంది. ఎర్రిస్వామి పంచె జారిపోయేలా ఎగిరాడు.

“శాంతించండి” అన్నాడు కమిటీ అధ్యక్షుడు. “ఇది మొదటి గడి. రెండో గడి: దరఖాస్తుదారు వాస్తవ సాగుదారేనా?” తిప్పక్క అరచేయి తీసుకుని నొక్కి చూశాడు. “చాలా మెత్తగా ఉంది. ఈవిడ నెలన్నరగా ఏ పనీ చేసినట్టు లేదు.”

“మీరే గదా సారూ చేయొద్దంటిరి!”

“కారణం ఉండే ఉంటుందమ్మా. కారణం రాయడానికి గడి లేదు.” కాగితం మీద అడ్డగీత పడింది. “మరి ఈ పంట వేసిందెవరు?”

విద్యుల్లతగారు ఆకాశంలో మేఘాలు లెక్కపెడుతున్నారు. పరాంకుశంగారు వెనకనుంచి ముందుకొచ్చి రెండు చేతులూ చాపారు. బొబ్బలు, కాయలు, గోళ్ళకింద ఎర్రమన్ను.

“నేనేనండీ. నేనూ మావాళ్ళూ. ఒలిచాం, విత్తాం, కలుపు తీశాం” అన్నారు. ఉద్యోగ జీవితంలో పై అధికారుల ముందు ఆయన మామూలు తెలుగులో చెప్పిన తొలి మాట అదే. అంత గర్వంగా ఆయనెప్పుడూ మాట్లాడలేదు.

“శభాష్! అయితే వాస్తవ సాగుదారు మీరే. సాయం మీకే చెందుతుంది. వేలు పెట్టండి.”

పెట్టారు. కుయ్యి. తుడిచి పెట్టారు. కుయ్యి. గుమాస్తాలు ముగ్గురూ పెట్టారు. కుయ్యి, కుయ్యి, కుయ్యి.

సాయంత్రానికి నివేదిక తయారైంది. “యంత్రము గుర్తించిన వారెవరూ రైతులు కారు. రైతులైన వారెవరినీ యంత్రము గుర్తించలేదు. కావున అనర్హులకు ఒక్క పైసా కూడా చేరలేదు. దేశములో పూర్తి పారదర్శకముగా అమలైన పథకము ఇదియే.” పారదర్శకమంటే అవతలికి అన్నీ కనపడడం. ఇందులోంచి చూస్తే నిజంగానే ఏమీ అడ్డు రాలేదు, డబ్బు కూడా. విద్యుల్లతగారికి జ్ఞాపిక ఇచ్చారు. వెండి బొటనవేలు, నిలువునా నిలబెట్టింది. ఊరికి రాయితీలో తీపి పోయి రాయి మిగిలింది.

కమిటీ జీపు దుమ్ము ఇంకా అణగకముందే తిప్పక్క పొలంలో దిగింది. సంపాదించిన ముద్ర మళ్ళీ అరిగిపోతుందని ఎర్రిస్వామి హెచ్చరిస్తే, “అరగనీలే. దాన్ని ఉప్పులో యేసి దాచుకుందామా?” అంది. వంకర సాళ్ళలో చెట్లు గుబురుగా లేచాయి. పసుప్పచ్చని పూలు నేలకు ఆనుకుని విచ్చుకున్నాయి. కాయ దిగితే పై ఏటి విత్తనానికి దిగులు లేదు. రెండో కలుపు తీయాలి, ఆమెకు దొరకనిదల్లా కూలిమనుషులే.

మర్నాడు పరాంకుశంగారు ఆఫీసుకు పోయి హాజరు యంత్రం మీద వేలు పెట్టారు. కుయ్యి. ఆయన వచ్చారని కుర్చీకి తెలుసు, ఫ్యానుకు తెలుసు, యంత్రానికి తెలియదు. పన్నెండు రోజులు వరసగా గైర్హాజరయ్యారు, పన్నెండు రోజులూ ఆఫీసులో కూర్చునే. పదమూడో రోజు జీతం నిలుపుతూ ఉత్తర్వొచ్చింది: తాము తామేనని రుజువయ్యేవరకు విధులకు రానక్కరలేదు.

మర్నాటి పొద్దున తిప్పక్క తలెత్తి చూస్తే గట్టుమీద తువ్వాలు చుట్టుకుని పరాంకుశంగారు నిలబడి ఉన్నారు.

“యేం సారూ, ఇట్లొస్తిరి?”

ఆయన ఏదో పెద్దమాటతో మొదలుపెట్టబోయి మింగేశారు. “కలుపుకు మనుషులు కావాలా అక్కా?”

“కావల్ల. ఆ మూల సాలు పట్టు. వంకరగా ఉండేది నువ్వేసిందే.”

పొద్దు వాలేదాకా పక్కపక్క సాళ్ళలో తీశారు. ఇళ్ళకు బయల్దేరేముందు తిప్పక్క కూలి కింద రాగులు కొలిచి ఆయన తువ్వాల్లో పోసింది. పరాంకుశంగారు మూట కట్టుకోకుండా, అలవాటుగా, కుడి బొటనవేలు ముందుకు చాపి నిలబడ్డారు.

“ఎక్కడ పెట్టమంటావక్కా?”

“యాడా వద్దులే నాయనా. పొద్దన్నుంచి నా పక్కనే వంగుంటివి. నువ్వెవరో నాకు తెల్దా?”

పరాంకుశంగారు చాపిన వేలు చాపినట్టే ఉంచి ఆమె వైపు చూశారు.

“ఆ మాట ఇంకొక్కసారి అను అక్కా” అన్నారు.